బీజం ఎంచినవాడు

"నేను క్రాసింగ్ చేయించకపోతే ఈ పిల్లలు అసలు పుట్టేవే కావు కదండీ. పుట్టించడం కూడా తప్పేనా?"

విజయవాడలో పగ్ కుక్కల్ని పెంచి అమ్మే ఒకాయన నన్నడిగిన మాట ఇది. ఆయన కఠినుడేమీ కాదు. ఆడకుక్కకు కాన్పు కష్టమైతే రాత్రంతా వరండాలో మేలుకుని కూర్చునే మనిషి. అందుకే ఆ మాటను వ్యాపారి సాకుగా తీసిపారేయలేకపోయాను. ఉద్యోగమంతా పశువుల ఆసుపత్రుల్లో గడిపి, విరమణ తరవాత ఆదివారాలు ఒక ఆలయ మండపంలో బ్రహ్మసూత్ర భాష్యపాఠానికి వెళ్తున్నవాణ్ణి నేను. ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు పశువైద్యంలో దొరకదని అప్పుడే అనిపించింది.

ఆ వాదంలో ఉన్న బలాన్ని ముందు ఒప్పుకోవాలి. ఫలానా మగకుక్కనూ ఫలానా ఆడకుక్కనూ కలపకపోయి ఉంటే, ఈ చదును ముఖపు పిల్ల స్థానంలో పొడుగు ముక్కున్న ఇదే పిల్ల పుట్టేది కాదు. వేరే ఏదో పిల్ల పుట్టేది, లేదా ఏదీ పుట్టేది కాదు. అంటే ఈ పిల్లకు మిగిలినవి రెండే దారులు: ఆయాసపడే బతుకు, లేదంటే బతుకే లేకపోవడం. దానికి అన్యాయం జరిగిందని ఎవరి తరఫున అనగలం? ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేసిన తత్త్వవేత్త డెరెక్ పార్ఫిట్ 1984లో అచ్చయిన 'రీజన్స్ అండ్ పర్సన్స్'లో మనుషుల పుట్టుకల విషయంలో ఇదే చిక్కుముడిని లేవనెత్తాడు. నలభై ఏళ్లుగా అక్కడి తత్త్వవేత్తలు దాన్ని విప్పడానికి పెనుగులాడుతూనే ఉన్నారు. మా ఊరి బ్రీడరు ఆ పుస్తకం పేరైనా విని ఉండడు. అయినా నేరుగా అక్కడికే వచ్చి నిలబడ్డాడు.

ఆ ఆయాసం ఎలాంటిదో కొంచెం వివరంగా చెప్పాలి. చాలామందికి అది తెలియదు, తెలియకపోవడం వల్లనే అది ముద్దొస్తుంది. ముఖం చదునుగా ఉండాలని తరతరాలుగా ఎంచుతూ పోతే పగ్‌కు ముఖపు ఎముక కురచైపోయింది. ఆ ఎముకను ఆనుకుని ఉండాల్సిన నాలుక, మెత్తని అంగిలి, ముక్కు లోపలి పొరలు మాత్రం ఆ మేరకు తగ్గలేదు. బారెడు చోటులో సర్దుకోవాల్సినవన్నీ జానెడు చోటులో ఇరుక్కున్నాయి. ముక్కుపుటాలు సన్నటి చీలికల్లా ఉంటాయి. అంగిలి చివర శ్వాసనాళం వాకిట్లోకి జారుతుంది. గాలి పీల్చిన ప్రతిసారీ ఆ అడ్డును దాటి లాగాలి. అలా ఏళ్ల తరబడి బలంగా లాగగా లాగగా స్వరపేటిక గోడలే లోపలికి కుంగిపోతాయి. ఇంట్లోవాళ్లు దాన్ని గురక అంటారు, వీడియో తీసి బంధువులకు పంపుతారు. కొన్ని పగ్‌లు పళ్ల మధ్య బొమ్మను పెట్టుకుని నిద్రపోతాయి. నోరు తెరుచుకుని ఉంటేనే గాలి ఆడుతుంది కాబట్టి అవి ఆ ఉపాయం వాటంతటవే కనిపెట్టుకున్నాయి. కొన్ని కూర్చునే కునికిపాట్లు పడతాయి, తల వాలిస్తే ఊపిరి అందదు గనుక.

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి వగర్చడమే దానికి ఒంటి వేడి దించుకునే ప్రధానమైన మార్గం. రోహిణి కార్తెలో బెజవాడ ఎండ ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. అలాంటి ఎండలో, వగర్చడమే కష్టమైన కుక్కను సాయంత్రం నాలుగింటికి బందరు రోడ్డు మీద నడిపిస్తే ఏమవుతుందో నేను బల్ల మీద చూశాను. నాలుక నీలమైపోయి, ఒంటి వేడి థర్మామీటరు చివరి గీతల దగ్గర ఆగి, తడిగుడ్డలూ ఫ్యాన్లూ ఆక్సిజనూ పెట్టినా చేతుల్లోనే పోయిన కుక్కలవి. వాటిని తెచ్చినవాళ్లు వాటిని ప్రాణంగా చూసుకున్నవాళ్లే.

2003లో ఒక పసివాడి వెంట ఎటు వెళ్తే అటు నడిచే పగ్‌ను హచ్ కంపెనీ ప్రకటనలో చూసింది దేశం. ఆ తరవాత ఆ కుక్క మన ఊళ్లలోకి ఎలా వచ్చిపడిందో నా తరం పశువైద్యులందరికీ గుర్తే. 2022లో లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు వేల కుక్కల ఆసుపత్రి రికార్డులు పోల్చి చూసి, ఆరోగ్యం దృష్ట్యా పగ్‌ను ఇక మామూలు కుక్కల లెక్కలో చేర్చలేమని తేల్చారు. ఒక ఏడాదిలో ఏదో ఒక జబ్బు పట్టే అవకాశం ఇతర కుక్కల కంటే పగ్‌కు దాదాపు రెట్టింపు.

ఇంత చెప్పినా, పగ్ బతుకు బతకదగనిదని నేను అనను. అది తోక ఆడిస్తుంది, అన్నం గిన్నె చప్పుడుకు పరుగెత్తుకొస్తుంది, పిల్లల ఒళ్లో సుఖంగా పడుకుంటుంది. సరిగ్గా అందుకే బ్రీడరు ప్రశ్న అంత గట్టిగా నిలబడుతుంది.

ఈ మాట మండపంలో ఎత్తినప్పుడు పక్కన కూర్చునే ఒక పెద్దాయన వెంటనే జవాబు చెప్పేశారు. "ఆ జీవుడి ప్రారబ్ధం అండీ. ఏ జన్మలో ఏం చేసుకుందో, ఆ ముక్కుతో పుట్టింది. మధ్యలో బ్రీడరు ఎవరు, మీరెవరు?" మంచివాడే ఆయన, చీమకు కూడా చక్కెర పోసే మనిషి. ఆయన జవాబూ పార్ఫిట్ చిక్కుముడీ ఒకదానికొకటి ఎంతో దూరపు చోట్ల నుంచి వచ్చాయి. కానీ రెండూ చేరేది ఒకే చోటికి. అక్కడ చేసినవాడు కనిపించడు.

ఆ వారం మేము చదువుతున్నది రెండో అధ్యాయం మొదటి పాదం. అక్కడ ఈశ్వరుడి మీద ఒక తీవ్రమైన అభియోగం ఉంది. లోకంలో ఒకడు సుఖంగా పుడతాడు, ఒకడు దుఃఖంలో పుడతాడు. పశువులు ఒకలా పుడతాయి, మనుషులు ఒకలా. ఇదంతా సృష్టించినవాడు ఒకడుంటే అతనికి వైషమ్యం ఉన్నట్టే, అంటే పక్షపాతం. నైర్ఘృణ్యం కూడా ఉన్నట్టే, అంటే జాలి లేకపోవడం. సూత్రకారుడు ఈ అభియోగాన్ని దాటవేయడు, ఎదుర్కొంటాడు. ఈశ్వరుడు తన ఇష్టం కొద్దీ సృష్టించడు, ఆయా జీవుల కర్మను అపేక్షించి, అంటే దాన్ని చూసుకుని, ఆ ప్రకారమే సృష్టిస్తాడు అంటాడు. శంకరులు దానికి వానను ఉదాహరణగా ఇస్తారు. వరికీ యవలకూ వాన ఒక్కటే. వరి వరిగా, యవ యవగా మొలవడానికి కారణం వాటి విత్తనాల్లో ఉంది. వానకు పక్షపాతం అంటగట్టలేం.

మండపంలో ఈ పంక్తులు వింటూ ఉండగా నాకు ఆ పగ్ బ్రీడరు గుర్తుకొచ్చాడు. ఈశ్వరుణ్ణి నిర్దోషిగా నిలబెట్టిన వాదం బ్రీడరుకు పనికిరాదు. బ్రీడరు వాన లాంటివాడు కాదు, విత్తనం ఎంచేవాడే అతను. ఏ మగదాన్ని ఏ ఆడదానికి కట్టాలో చూసుకుంటాడు. కొంచెం పొడుగు ముక్కున్న పిల్లను పక్కన పెట్టి, ముఖం బాగా అణిగిన పిల్లను తరవాతి తరానికి ఉంచుకుంటాడు. అతను అపేక్షించేది ఆ జీవి కర్మను కాదు, దాన్ని చూసే శక్తి అతనికి లేదు కూడా. అతను చూసేది కొనేవాడి కన్నును, షోలో జడ్జి చేతిలోని కాగితాన్ని, ఇన్‌స్టాగ్రామ్‌లో ఫోటోను. ఈశ్వరుడి మీద వేస్తే నిలవని ఆ రెండు అభియోగాలు, పక్షపాతమూ జాలిలేమీ, అతని మీద నిలుస్తాయి. ఆ పిల్ల జీవుడి కర్మ నిజంగానే ఉందనుకుందాం. దాని వల్ల బ్రీడరు చేసిన ఎంపిక మాత్రం ఈశ్వరుడి ఎంపిక అయిపోదు. కర్మసిద్ధాంతం మనిషికి తన చేతల గురించి చెప్పినది. ఎదుటి ప్రాణి బాధను చూసి చేతులు దులుపుకోవడానికి దాన్ని వాడుకుంటే అది తిరగబడి మన మీదికే వస్తుంది.

తరవాతి సూత్రం ఇంకా దగ్గరగా తగిలింది. సృష్టి మొదట్లో కర్మ ఎక్కడిది అని అడిగితే, సంసారానికి మొదలు లేదు, అది అనాది అంటుంది సూత్రం. కుక్కల జాతులకు మాత్రం మొదలు ఉంది, తేదీతో సహా. ఇంగ్లండ్‌లో న్యూకాసిల్‌లో తొలి కుక్కల షో జరిగింది 1859లో. అక్కడి కెన్నెల్ క్లబ్ పుట్టింది 1873లో. పగ్ అనే కుక్క అంతకుముందూ ఉంది. 1745లో చిత్రకారుడు విలియం హోగార్త్ తన బొమ్మ తాను గీసుకుంటూ పక్కన తన పగ్‌నూ గీశాడు. దానికి ముక్కు ముందుకు పొడుచుకొచ్చి ఉంది, కాళ్లు పొడుగ్గా ఉన్నాయి. ఇప్పటి పగ్‌ను ఆ బొమ్మ పక్కన నిలబెడితే అన్నదమ్ములంటే నమ్మబుద్ధి కాదు. ఆ రెండింటి నడుమ జరిగిన ప్రతి ఎంపిక వెనకా ఒక మనిషి ఉన్నాడు.

అయినా పార్ఫిట్ ప్రశ్న ఇంకా మిగిలే ఉందనొచ్చు: నష్టపోయిందెవరు? దీనికి నాకు దొరికిన దారి మహాభారతం మొదట్లోనే ఉంది. జనమేజయుడు సత్రయాగం చేస్తుండగా సరమ అనే దేవశుని, అంటే దేవతల కుక్క, కొడుకు అక్కడికి వస్తే రాజు తమ్ముళ్లు కొట్టి తరిమేస్తారు. వాడు ఏడుస్తూ తల్లి దగ్గరికి పోతాడు. తల్లి యాగశాలకు వచ్చి నిలదీస్తుంది. నా బిడ్డ హవిస్సును నాకలేదు, దాని వంక చూడనైనా లేదు, ఎందుకు కొట్టారని అడుగుతుంది. తనకు కలిగిన నష్టం ఎంతో ఆమె లెక్క చెప్పదు. చేసినవాళ్ల దగ్గర కారణం అడుగుతుంది. వాళ్ల దగ్గర జవాబు లేదు. కారణం చెప్పలేని ఆ మౌనమే వాళ్ల నేరానికి రుజువు. అప్పుడు సరమ, నిరపరాధిని హింసించినవాళ్లకు కంటికి కనబడని చోటి నుంచి భయం వస్తుందని శపిస్తుంది. నన్నయ ఆ సందర్భంలో సరమ నోట పలికించిన కంద పద్యం మా తరం బడిపిల్లలకు కంఠతా వచ్చు. చక్రవర్తి ఆ కుక్క మాటను తేలిగ్గా తీసుకోలేదు. యాగం ముగిశాక శాంతి చేయించగల పురోహితుణ్ణి వెతుక్కుంటూ బయలుదేరాడు.

కాబట్టి ఎవరు నష్టపోయారు అనే ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, సరమ అడిగినట్టు అడగాలి: ఈ పిల్ల ముక్కు ఎందుకిలా నొక్కేశారు? దానికి మన దగ్గర ఉన్న ఒకే ఒక్క కారణం చూడ్డానికి బాగుంటుందని. ఆ కారణాన్ని సరమ ముఖం మీద చెప్పగలమా?

సరమకు కనీసం ఒక సభ ఉంది, అడగడానికి నోరుంది. ఇప్పటి తల్లికుక్కలకు అదీ లేదు. డాబా మీద రేకుల షెడ్డులో, ఇనుప పంజరాల్లో, ఎదకు వచ్చిన ప్రతిసారీ మగదాన్ని వదలడం కోసం ఉంచిన ఆడకుక్కల్ని నేను చూశాను. నేల మీద నడిచే అలవాటు తప్పి గోళ్లు వంకర తిరిగిపోతాయి, పాలచనులు సాగి వేలాడుతుంటాయి, మనిషి చేయి చాపితే దగ్గరకొస్తాయి గానీ తోక ఎత్తవు. ఫ్రెంచ్ బుల్‌డాగ్, బుల్‌డాగ్ లాంటి వాటికి ఇంకో బాధ. పిల్లల తల పెద్దది, తల్లి కటి ఇరుకు. బ్రిటన్‌లో చేసి 2010లో అచ్చయిన ఒక సర్వేలో ఆ రెండు జాతుల కాన్పుల్లో నూటికి 80కి పైగా సిజేరియన్లేనని తేలింది. తనంతట తాను పిల్లల్ని కనలేని ప్రాణిని మళ్లీ మళ్లీ కట్టించడం, ప్రతిసారీ పొట్ట కోయడం. ఈ పనిలో కత్తి పట్టేది మా వృత్తివాళ్లే గనుక ఈ మాట నాకు ఎక్కువ బరువుగా ఉంటుంది.

చట్టం లేక కాదు. 2017 మే నెలలో కేంద్రం కుక్కల పెంపకం, అమ్మకం మీద నియమాలు తెచ్చింది. పెంచి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు కావాలి. ఆడకుక్కకు 18 నెలలు నిండకుండా కట్టించకూడదు. 12 నెలల్లో ఒక్క ఈతే ఉండాలి. 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. బజార్లో వినిపించే మాట మాత్రం వేరు: "నలభై ఐదు రోజుల పప్పీ సార్." తీరా నోరు తెరిచి చూస్తే పాలపళ్లు అప్పుడప్పుడే పొడుస్తుంటాయి, నెలా వారం కూడా ఉండదు. అంత చిన్నగా ఉంటేనే ముద్దుగా ఉంటుంది, కొనేవాడి మనసు కరుగుతుంది. అన్నదమ్ములతో ఆడుకుంటూ ఎంత గట్టిగా కొరికితే నొప్పో నేర్చుకునే వయసు అది. తల్లి నుంచి, తోడు నుంచి లాగేసి అట్టపెట్టెలో బస్సెక్కిస్తారు. టీకా పడని ఆ పిల్లలకు వారం తిరక్కుండా పార్వో వచ్చి నెత్తురు విరేచనాలతో పోవడం ప్రతి ఊళ్లో పశువైద్యుడికీ తెలిసిన కథే. పేపర్లుంటే ఒక రేటు, లేకపోతే ఒక రేటు. ఆ పేపర్లు తాతముత్తాతల పేర్లు చెబుతాయి. తల్లి ఎలా బతుకుతోందో చెప్పవు.

ఇక కొనేవాడి సంగతి. మేము డబ్బిచ్చి కొన్నాం, పెంచింది మేం కాదు కదా అంటారు. భీష్ముడు శరశయ్య మీద ధర్మరాజుకు అహింస గురించి చెబుతూ హింసకుల్ని లెక్కపెట్టినప్పుడు, చంపేవాడి పక్కనే కొనేవాణ్ణీ నిలబెడతాడు. కొనేవాడు చేతితో చేయనిది డబ్బుతో చేస్తాడన్నది అక్కడి భావం. అక్కడి ప్రసంగం మాంసం గురించే అయినా ఆ తర్కం కుక్కపిల్ల అట్టపెట్టెకూ అంతే సరిపోతుంది. బుద్ధుడు ఉపాసకుడు చేయరాని ఐదు వ్యాపారాలు చెప్పినప్పుడు ప్రాణుల వ్యాపారాన్ని ఆయుధాలు, విషంతో పాటు ఆ జాబితాలో చేర్చాడు. కుక్కను అమ్మి తీసుకునే సొమ్మును వారించే హదీసు ఉంది, దాన్ని ఎంతవరకు వర్తింపజేయాలన్న దాని మీద ఇస్లామీయ ధర్మశాస్త్ర పండితులకు భేదాభిప్రాయాలున్నాయి. ఇవన్నీ ఒకే మాట చెబుతున్నాయని నేననను. కానీ ప్రాణానికి ధర కట్టేచోట ప్రతి సంప్రదాయమూ ఒక క్షణం ఆగి చూసింది.

వీటిలో నన్ను ఎక్కువగా పట్టుకున్నది జైనులది. గృహస్థు పాటించే అహింసావ్రతానికి భంగం కలిగించే ఐదు పనుల్ని తత్త్వార్థసూత్రం చెబుతుంది: కట్టివేయడం, కొట్టడం, అవయవం కోయడం, మోయలేనంత మోపడం, తిండీ నీళ్లూ ఆపడం. రైతు, బండివాడు, గొర్రెలకాపరి అందరికీ వర్తించేలా, పెంపుడు జంతువు రోజువారీ బతుకును దగ్గరగా చూసినవాళ్లే చెప్పగల జాబితా అది. డాబర్‌మన్ చెవులు నిటారుగా నిలవాలని కత్తిరించి, పుట్టిన కొద్దిరోజులకే తోక తీయించడానికి తెచ్చేవాళ్లకు నేను ఆ మూడోది చెప్పేవాణ్ణి. చెవి, తోక కుక్కకు మాట్లాడే సాధనాలు. భయం, స్నేహం, కోపం తోటి కుక్కకు వాటితోనే తెలుస్తాయి. కొందరు ఒప్పుకుని వెనక్కి తీసుకెళ్లేవారు, కొందరు వేరే డాక్టరు దగ్గరికి వెళ్లేవారు.

అయితే కుక్కల్ని పెంచడమే పాపమా? కాదని నా గట్టి నమ్మకం. నేను పుట్టింది కొల్లేటి ఒడ్డున. మా వైపు బాతులు మేపేవాళ్ల దగ్గర జోనంగి కుక్కలుండేవి. పొట్టి నున్నని వెంట్రుక, నుదుట ముడతలు, పెద్దగా మొరిగేవి కావు. నేల తవ్వుకుని గుంటలో పడుకునేవి. నీళ్లలో చెదిరిపోయిన బాతుల్ని దెబ్బ తగలకుండా మందలోకి మళ్లించేవి. వాటికీ ఎంపిక జరిగింది, పనిలో చురుకైన దాని పిల్లనే ఉంచుకునేవారు. కానీ ఆ ఎంపికలో ఊపిరి ఆడని కుక్కకు చోటు లేదు, ఎందుకంటే అది పరుగెత్తలేదు. మనిషి అవసరమూ కుక్క ఒంటి క్షేమమూ ఒకే వైపు ఉన్నాయి. బాతుల మందలు పోయి చేపల చెరువులు వచ్చాక జోనంగికి పని పోయింది. ఇప్పుడు దాన్ని నిలబెట్టాలని శ్రద్ధగా పాటుపడేవాళ్లున్నారు, వాళ్లంటే నాకు గౌరవం. ఒక భయం కూడా ఉంది. మన జాతి అన్న అభిమానంతో కొద్ది కుక్కల్నే తిప్పి తిప్పి దగ్గరి రక్తంలో కట్టిస్తే, పదేళ్లలో మరో రోగిష్టి జాతి తయారవుతుంది. రాజపాళయం కుక్కకు తెల్లటి తెలుపే కావాలని పట్టుబట్టడం వల్ల ఆ తెలుపుతో పాటు చెవుడు కూడా వచ్చింది. దేశవాళీ అనే పేరు దానికి వినికిడి తెచ్చివ్వదు.

బీజం ఎంచడం వైద్యం కూడా కాగలదని డాల్మేషియన్ కథ చెబుతుంది. ఆ జాతి కుక్కలన్నిటికీ ఒకే జన్యులోపం ఉండేది. మూత్రంలో యూరిక్ ఆమ్లం పేరుకుని రాళ్లు కట్టి, ముఖ్యంగా మగకుక్కలు నరకం చూసేవి. 1973లో అమెరికా జన్యుశాస్త్రవేత్త రాబర్ట్ షైబల్ ఒక డాల్మేషియన్‌ను పాయింటర్ కుక్కతో కట్టించాడు. ఆ పిల్లల్ని మళ్లీ డాల్మేషియన్లతో తరాల తరబడి కలుపుతూ, ఆరోగ్యకరమైన ఆ ఒక్క జన్యువును నిలబెట్టాడు. కుక్కలు చూడ్డానికి డాల్మేషియన్లే, రాళ్ల బాధ లేదు. కానీ అమెరికా కెన్నెల్ క్లబ్ వాటికి పూర్తిగా తలుపు తీసింది 2011లో. ఇన్నేళ్లు అడ్డుపడింది శుద్ధరక్తం అన్న పట్టుదల. నాకు ఈ కథలో ఆ శాస్త్రవేత్త ఓపిక ఎంత గొప్పగా కనిపిస్తుందో, ఆ పట్టుదల అంత భయంకరంగా కనిపిస్తుంది. మనుషుల్లో శుద్ధి పేరుతో ఏం జరిగిందో తెలిసిన దేశంలో పుట్టినవాణ్ణి. ఆ భావన కుక్కల్లోనూ అదే పని చేస్తుంది.

నార్వేలో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది ఈ విషయం. కావలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్ అనే చిన్న కుక్కకు పుర్రె మెదడుకు చాలదు, గుండె కవాటాలు త్వరగా చెడతాయి. ఉన్న కుక్కల్ని ఉన్నట్టుగా కట్టించుకుంటూ పోవడం ఆ దేశపు జంతు సంక్షేమ చట్టానికి విరుద్ధమని 2023లో తేల్చారు. అలాగైతే ఆ జాతే అంతరించిపోతుందని పెంపకందార్లు బాధపడ్డారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ జాతికి నొప్పి తెలియదు, ఊపిరి ఆడకపోవడం తెలియదు. అవి తెలిసేది ఈ కుక్కకు, ఆ కుక్కకు, విడివిడిగా. జీవుడు వాటిలో ఉన్నాడు. రిజిస్టరులోని పేరులో లేడు.

కొనుక్కున్న కుక్కను వదిలేయడం మరో పెద్ద అధ్యాయం. బదిలీ అయిందని, పాప పుట్టిందని, పెద్దదైందని, జబ్బు చేసిందని హైవే పక్కన దింపేసిపోయిన లాబ్రడార్లు, హస్కీలు మా ఊళ్లో కొత్త కాదు. వీధిలో పుట్టిన కుక్కకు వీధి తెలుసు, వీటికి తెలియదు. ధర్మరాజు స్వర్గద్వారంలో కుక్కను వదలనన్న కథ అందరూ చెబుతారు గానీ, అందులో ఇంద్రుడు వేసిన ఎదురుప్రశ్నను చెప్పరు. ద్రౌపదినీ తమ్ముళ్లనూ దారిలో వదిలి వచ్చినవాడివి, ఈ కుక్కను వదలడానికేం అంటాడు ఇంద్రుడు. న్యాయమైన ప్రశ్నే. ధర్మరాజు జవాబు: వాళ్లు చనిపోయాక వదిలాను, నేను బతికించలేను గనుక. బతికి ఉండగా వదలలేదు. తనను నమ్మి వెంటవచ్చిన ప్రాణిని విడవడం నాలుగు మహాపాపాల మొత్తంతో సమానమంటాడు. ఆ కుక్క ఏ జాతిదో వ్యాసుడు చెప్పలేదు. దానికి పేరు లేదు, ఎవరూ కొనలేదు. హస్తిన నుంచి వెంట నడిచింది, అంతే. ధర్మరాజు మీద దానికి హక్కు కలగడానికి ఆ నడక చాలింది. మనం డబ్బిచ్చి, తల్లి నుంచి వేరు చేసి, మన తలుపు తప్ప మరో తలుపు తెలియకుండా పెంచిన కుక్కకు అంతకన్నా తక్కువ హక్కు ఉందా?

అందుకే ఏ బ్రీడ్ కొనమంటారని నన్నడిగేవాళ్లకు ముందు వీధిలో పుట్టిన పిల్లల్ని చూడమంటాను. లేదు, ఫలానా జాతే కావాలంటే తల్లిని చూపించని చోట కొనవద్దంటాను. ఇంగ్లండ్ 2020 ఏప్రిల్ నుంచి మధ్యవర్తులు కుక్కపిల్లల్ని అమ్మకుండా ఆపింది ఈ ఒక్క కారణానికే. పిల్లను తల్లితో సహా, పుట్టిన చోటే చూపించాలి. ఒక మంచి బ్రీడరును నేనెరుగుదును, గోదావరి జిల్లాలో. తుంటికీళ్లు ఎక్స్‌రే తీయించకుండా ఏ కుక్కనూ కట్టించడు. కొనేవాళ్ల ఇల్లు చూసిరాకుండా పిల్లనివ్వడు. ఎన్నేళ్లకైనా సరే, పెంచలేకపోతే నాకే తిరిగి తెచ్చివ్వాలని రాయించుకుంటాడు. దాంతో ఆయనకు మిగిలేది తక్కువ. ఆయన దృష్టి కుక్క మీద ఉంది, సూత్రభాషలో చెప్పాలంటే ఆయన ఆ జీవిని అపేక్షించి పనిచేస్తాడు.

ఈ కొలత నా చేతి మీదికీ వస్తుంది. వీధి కుక్కలకు సంతాననిరోధక ఆపరేషన్లు నేనూ చేశాను, ఇప్పటికీ శిబిరాలకు వెళ్తాను. ఒక ప్రాణికి సంతానం లేకుండా చేసే అధికారం నాకెవరిచ్చారని మండపంలో ఒక యువకుడు అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. నా జవాబు ఇది. పశ్చిమ బెంగాల్లో వీధి కుక్కల పిల్లల్ని వెంటాడి గమనించిన పరిశోధకులు 2016లో ప్రకటించిన దాని ప్రకారం, ఐదింట నాలుగు పిల్లలు ఏడు నెలలు నిండకుండానే పోయాయి, ఎక్కువ భాగం మనుషుల కారణంగానే. చక్రాల కింద పడి, దెబ్బలు తిని చచ్చిపోయే పిల్లల్ని ఏటేటా కనడం ఆ తల్లికి వరమని నేననుకోను. 2023లో హైదరాబాద్ అంబర్‌పేటలో ఒక పసివాణ్ణి వీధి కుక్కలు పొట్టన పెట్టుకున్నాయి. ఆ తల్లి ముందు నిలబడి కుక్కల హక్కులు మాట్లాడగల గుండె నాకు లేదు, ఎవరికీ ఉండకూడదు. రెండు వైపులా పిల్లలు చావకుండా ఉండాలంటే ఆపరేషన్, రేబిస్ టీకా తప్ప నాకు వేరే దారి కనిపించలేదు. అక్కడ నేను చూసుకునేది ఆ కుక్క స్థితిని, ఆ వీధి పిల్లల స్థితిని. ఎవరి కంటికి ఎలా కనిపిస్తుందన్నది అందులో లేదు. అయినా ఆ యువకుడి ప్రశ్న పూర్తిగా తీరిపోయిందని చెప్పలేను. మత్తు దిగుతున్న కుక్క పక్కన కూర్చున్నప్పుడు అది మళ్లీ వస్తుంది.

తీరినంత మేరకు మాత్రం ఆ పని పద్ధతిగా జరగాలి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే: ఆపరేషన్, టీకా అయిన కుక్కను, రేబిస్ సోకినదో మీదపడి కరిచేదో కాకపోతే, పట్టిన చోటే తిరిగి విడిచిపెట్టాలి. పట్టుకెళ్లే బండివాడి దగ్గర ఏ వీధిలో పట్టాడో రాసిన చీటీ ఉండాలి. కుట్లు మానేదాకా ఉంచడానికి గదులు ఉండాలి. నేను వెళ్లిన శిబిరాల్లో ఎక్కువగా లేనివి ఆ రెండే, చీటీలూ గదులూ. వచ్చే నెల మునిసిపల్ కార్యాలయంలో ఇచ్చే అర్జీలో ఈ రెండింటి గురించే రాశాం.